ఒకే కొంగ, ఒకే ఎండ, రెండు ఎక్స్‌పోజర్లు: మీటరింగ్ ఎలా నేర్చుకోవాలి?

#1 పొలంగట్టు (కొత్త సభ్యుడు), శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో ఒక డీఎస్‌ఎల్‌ఆర్, 70-300 లెన్స్ కొన్నాను. మాది గోదావరి డెల్టా, ఇంటి వెనకాలే వరి చేలు. ఈ పొద్దున 8 గంటలప్పుడు, మబ్బన్నది లేని ఎండలో, గేదె వీపు మీద వాలిన కొంగను తీశాను. అపర్చర్ ప్రయారిటీ (లెన్స్ రంధ్రం ఎంతో నేను పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది), ఎఫ్/5.6, ఐఎస్‌ఓ (వెలుగుకు స్పందించే అంకె) 400, మ్యాట్రిక్స్ మీటరింగ్.

మొదటి ఫొటోలో గేదె, చేను ఎక్కువ, కొంగ చిన్నది. కెమెరా షట్టర్‌ని 1/640 సెకను తీసుకుంది. గేదె ఒంటి మీద బురద కూడా కనిపిస్తోంది గానీ కొంగ తెల్లగా మాడిపోయింది, ఒక్క ఈక తెలియట్లేదు. తర్వాత జూమ్ చేసి కొంగ ఒక్కటే ఫ్రేమంతా నిండేలా తీశాను. ఈసారి 1/4000. ఈకలన్నీ ఉన్నాయి, కానీ కొంగ ఉతకని పంచె రంగులో వచ్చింది.

రెండిటికీ మధ్య నిమిషం కూడా తేడా లేదు. ఇందులో ఏది కరెక్ట్? మీటర్ పాడైందా? అమ్మినాయన్ని అడగాలా?

#2 ఆటోలోనే_ఉంటా, రాత్రి 8:52

ఫోన్‌తో తియ్యి బ్రో. అదే చూసుకుంటుంది అన్నీ. 😀

#3 పాతస్టూడియో, రాత్రి 9:30

మీటర్ లక్షణంగా ఉంది బాబూ, అమ్మినాయన్ని ఏమీ అనకు. రెండు ఫొటోల్లోనూ దాని పని అది చేసింది.

కెమెరాలో ఉండే మీటర్ వస్తువు మీద పడే వెలుగును కొలవదు. పడి, తిరిగి లెన్స్‌లోకి వచ్చినదాన్ని కొలుస్తుంది. తిరిగొచ్చింది తక్కువగా ఉంటే, అక్కడ వెలుగే తక్కువా, లేక వస్తువు నల్లదా అన్నది దానికి తెలిసే దారి లేదు. అందుకని ఎదురుగా ఏమున్నా సరే నలుపుకీ తెలుపుకీ నడిమి బూడిద రంగులోకి తేవడానికి ఎంత కావాలో లెక్క చెబుతుంది. నల్ల గేదెను చూపిస్తే పెంచింది, పైనున్న కొంగ మాడిపోయింది. తెల్ల కొంగను చూపిస్తే తగ్గించింది. మ్యాట్రిక్స్ అయితే ఫ్రేమును ముక్కలుగా చూసి కాస్త తెలివిగా ఊహిస్తుంది. 1983లో నికాన్ ఎఫ్‌ఏ కెమెరాతో వచ్చిన పద్ధతి అది. ఎంత తెలివైనా ఊహ ఊహే.

నువ్వు రాసిన అంకెల్లోనే జవాబుంది చూడు. 1/640కీ 1/4000కీ రెండున్నర స్టాపుల పైన తేడా (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడమో, సగం కావడమో). సరిగ్గా నడుమ ఉండేది 1/1600. ఇప్పుడు మీటర్ పక్కన పెట్టి ఎండ లెక్క వేద్దాం. మంచి ఎండలో ఎఫ్/16 పెడితే షట్టర్ ఐఎస్‌ఓ ఎంతుంటే అంత: ఐఎస్‌ఓ 400కి 1/400. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది, ఎఫ్/16 నుంచి 11, 8, 5.6 అని మూడు స్టాపులు తెరిచావు కాబట్టి 1/3200. పొద్దున 8 గంటల ఎండ ఇంకా ఏటవాలుగా ఉంటుంది, దానికి ఒక స్టాపు వదులుకో. 1/1600. రెండు దారుల్లోనూ అక్కడికే వచ్చాం.

ఫిలిం రోజుల్లో కొడాక్ డబ్బా లోపలివైపు ఎండ, పల్చటి మబ్బు, ముసురు బొమ్మలు వేసి పక్కన ఎఫ్ నంబర్లు అచ్చు వేసేవాళ్లు. మీటర్ లేని కెమెరాలతో ఊళ్లో ఫంక్షన్లన్నీ ఆ బొమ్మల మీదే నడిచేవి.

#4 పొలంగట్టు, రాత్రి 9:41

సార్, అంటే గేదె ఉన్న ఫొటోకీ, కొంగ ఒక్కటే ఉన్న ఫొటోకీ కూడా 1/1600 యేనా? ఫ్రేములో ఉన్నవి పూర్తిగా వేరు కదా.

#5 పాతస్టూడియో, రాత్రి 9:48

రెండిటికీ అదే. ఎండ మారలేదు, మారింది నీ ఫ్రేము. గేదె నల్లగా, కొంగ తెల్లగా, చేను పచ్చగా, దేని రంగు దానికి వస్తుంది. మాన్యువల్‌లో పెట్టి 1/1600 దగ్గర వదిలెయ్. ఎండ మారినప్పుడు మాత్రమే ముట్టుకో.

#6 కుడివైపు, రాత్రి 10:15

పెద్దాయన చెప్పింది ఫిలింకి సరే. చేతిలో డిజిటల్ కెమెరా పెట్టుకుని డబ్బా మీద బొమ్మల లెక్కలు దేనికి? 1/1600తో ఒకటి తియ్యి, హిస్టోగ్రామ్ చూడు, అంటే ఫొటోలో ఎడమ చివర నలుపు నుంచి కుడి చివర తెలుపు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్. గ్రాఫ్ కుడి గోడకి గుద్దుకుంటే కొంగ మాడినట్టు. గుద్దుకోకుండా ఇంకా ఖాళీ ఉంటే షట్టర్ ఇంకాస్త నెమ్మదిగా పెట్టు. గోడకి ఆనీ ఆననట్టు ఉండాలి. హైలైట్ వార్నింగ్ ఆన్ చేసుకుంటే మాడిన చోట మినుకుమినుకుమంటుంది, అది ఇంకా తేలిక.

కారణం కూడా చెబుతా. సెన్సార్‌లో ప్రతి స్టాపుకీ వెలుగు రెట్టింపు కాబట్టి రా ఫైలులో (సెన్సార్ పట్టింది పట్టినట్టే దాచేది) పట్టేదంతా పైస్టాపుల్లోనే ఎక్కువ ఉంటుంది. కింద నీడల్లో మిగిలేది తక్కువ సమాచారం, ఎక్కువ నాయిస్. కుడివైపుకి తీసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకుంటే గేదె నీడల్లో నాయిస్ తగ్గుతుంది. నా పేరు అందుకే పెట్టుకున్నా.

#7 పాతస్టూడియో, రాత్రి 10:31

తమ్ముడూ, హిస్టోగ్రామ్ చూడొద్దని నేననలేదు. తీశాక చూసేది అది. కొంగ ఎగిరిపోయాక గ్రాఫ్ ఎంత అందంగా ఉంటే ఏం లాభం? మొదటి ఫ్రేమే దాదాపు సరిగ్గా పడాలంటే వెలుగు చదవడం రావాలి.

#8 కుడివైపు, రాత్రి 10:38

కొంగ వచ్చేలోపు గట్టు మీద ఇంకో తెల్లటిదేదైనా తీసి చూసుకోవచ్చుగా. సిమెంటు సంచి ఉన్నా చాలు. మిర్రర్‌లెస్ అయితే తియ్యకముందే వ్యూఫైండర్‌లో గ్రాఫ్ కనిపిస్తుంది.

#9 తెల్లవారుజాము_లగ్నం, రాత్రి 11:20

ఇద్దరూ కరెక్టే గానీ ఇద్దరూ అమ్మాయి మొహం గురించి మాట్లాడలేదు. నేను పెళ్లిళ్లు తీస్తాను కాబట్టి నా బాధ వేరు.

మన పెళ్లిలో మధుపర్కాలు కట్టుకున్న అరగంట ఉంటుంది చూడండి, అమ్మాయీ అబ్బాయీ ఇద్దరూ తెలుపే, ఎర్ర అంచు తప్ప. పక్కన పంతులుగారిది తెల్ల పంచె, వెనకాల మండపానికి తెల్ల పూలు. ఆటోలో వదిలేస్తే మీటర్ మొత్తాన్ని కిందికి లాగేస్తుంది, మొహాలు చీకటి. ప్లస్ 1 కాంపెన్సేషన్ (మీటర్ చెప్పినదానికన్నా ఒక స్టాప్ ఎక్కువ) లేకుండా ఆ ఘట్టం మొదలుపెట్టను. అదే రిసెప్షన్‌కి వస్తే వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర వెలుగుతుంటుంది. మీటర్ దాన్ని చూసి బెదిరిపోతుంది, జంట మొత్తం నీడ బొమ్మలు. అక్కడ స్పాట్ మీటర్‌తో, అంటే ఫ్రేములో చిన్న చుక్క మేర మాత్రమే కొలిచే సెట్టింగ్‌తో, మొహం చదివి, మాన్యువల్‌లో లాక్ చేస్తాను. తెర కాలిపోతే కాలిపోనీ, తెర కోసం ఎవరూ ఆల్బమ్ కొనరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. బయటి పుస్తకాలు, వీడియోల్లో స్పాట్‌తో మొహం మీద కొలిచి ఒక స్టాప్ పెంచమని చెబుతారు. అది తెల్లవాళ్ల చర్మానికి. మన చామనఛాయ మొహానికి ఒక స్టాప్ పెంచితే సున్నం కొట్టినట్టు అవుతుంది. మామూలు ఛాయకి మీటర్ చెప్పినట్టే ఉంచుతాను, ఇంకా నలుపైతే మూడో వంతు నుంచి ఒక స్టాప్ దాకా తగ్గిస్తాను. ఆ ఛాయ ఆ ఛాయలాగే రావాలి, అందంగా రావాలి. "కొంచెం తెల్లగా చెయ్యమ్మా" అని వాళ్లత్తగారు అడగడం వేరే సమస్య, దానికి మీటర్ లేదు.

మొహం మీద కొలవడం కుదరకపోతే నా అరచెయ్యి. అరచేతులు మనలో ఎవరివైనా మొహం కన్నా తేటగానే ఉంటాయి. ఇంట్లో ఒకసారి గ్రే కార్డు (కొలతకి వాడే నడిమి బూడిద రంగు అట్ట) పక్కన పెట్టి నా అరచెయ్యి ఎంత ఎక్కువ చూపిస్తోందో చూసుకున్నాను. నాది ముప్పావు స్టాప్. వాళ్లున్న వెలుగులోనే చెయ్యి పెట్టి, కొలిచి, ఆ ముప్పావు పెంచుకుంటే అయిపోయింది. మీ అరచెయ్యిది మీరు చూసుకోండి, మైదాకు పెట్టుకున్న చేత్తో మాత్రం కాదు.

#10 కుడివైపు, రాత్రి 11:34

అక్కా, మీరు రా లో తీస్తే తర్వాత సరిచేసుకోవచ్చు కదా?

#11 తెల్లవారుజాము_లగ్నం, రాత్రి 11:45

రెండు వేల ఫ్రేములు ఒక్కోటీ ఒక్కో ఎక్స్‌పోజర్‌లో ఉంటే ఎవరు కూర్చుని సరిచేస్తారు తమ్ముడూ, నువ్వొస్తావా? నాకు కావలసింది వరస. తాళి కట్టినప్పటి నుంచి తలంబ్రాల దాకా ఒకే లెక్కలో ఉంటే ఒకదాన్ని ఎడిట్ చేసి మిగతావాటికి అంటిస్తాను. నువ్వు చెప్పే కుడిగోడ పద్ధతి కదలని సీనుకి బాగుంటుంది. కొండలు, గుళ్లు, ట్రైపాడ్. అక్కడ నేనూ చేస్తాను.

పైగా నీ హిస్టోగ్రామ్ ఎర్ర పట్టుచీర దగ్గర అబద్ధం ఆడుతుంది. తెల్ల గ్రాఫ్ ఒక్కటే చూస్తే గోడకి ఇంకా దూరం ఉన్నట్టే కనిపిస్తుంది, అందులో ఎక్కువ బరువు గ్రీన్‌ది. లోపల రెడ్ ఛానల్ ఎప్పుడో మాడిపోయి ఉంటుంది. ఇంటికొచ్చి చూస్తే చీరలో జరీ పక్కన నేత కనిపించదు, ఎర్రరంగు పూసినట్టు చదునుగా ఉంటుంది. పసుపు పచ్చ లైట్ల కింద ఇంకా ఘోరం. మూడు రంగుల గ్రాఫులు విడివిడిగా చూపించే సెట్టింగ్ పెట్టుకోవాలి.

#12 కుడివైపు, రాత్రి 11:52

ఇది ఒప్పుకుంటా. గుంటూరులో మిరపకాయలు ఆరబోసిన కళ్లాల దగ్గర కూడా ఇదే జరుగుతుంది, ముప్పావు స్టాప్ తగ్గించక తప్పదు. ఇంకొకటి: కెమెరా వెనక కనిపించే గ్రాఫ్ రా ఫైలుది కాదు, దానిలో ఉండే జేపెగ్ ప్రివ్యూది. పిక్చర్ స్టైల్ "వివిడ్"లో ఉంటే గ్రాఫ్ ఇంకా ముందే గోడకి తగిలినట్టు చూపిస్తుంది. నేను "న్యూట్రల్"లో, కాంట్రాస్ట్ తగ్గించి పెట్టుకుంటాను.

#13 పొలంగట్టు, ఆదివారం ఉదయం 10:05

ఈ రోజు మళ్లీ వెళ్లాను. మాన్యువల్, ఎఫ్/5.6, 1/1600, పెద్దాయన చెప్పినట్టే. కానీ అదే గోల! గేదె ఉంటే కొంగ కాలిపోతోంది, కొంగ ఒక్కటే ఉంటే బూడిద. నేను ఏమీ ముట్టుకోలేదు. మాన్యువల్ అంటే మారకూడదు కదా?

#14 కుడివైపు, ఉదయం 10:09

రెండు ఫొటోల ఐఎస్‌ఓ ఎంతుందో చూసి చెప్పు.

#15 పొలంగట్టు, ఉదయం 10:14

గేదె ఉన్నదానికి 1000. కొంగది 160.

#16 కుడివైపు, ఉదయం 10:16

అదీ సంగతి. ఆటో ఐఎస్‌ఓ ఆన్‌లో ఉంది. నువ్వు షట్టర్, అపర్చర్ బిగించావు, మీటర్ మూడో తలుపులోంచి దూరింది. 1000కీ 160కీ తేడా లెక్కెయ్, నిన్నటి 1/640, 1/4000 మధ్య ఉన్నంతే. ఆటో ఐఎస్‌ఓ ఉన్న మాన్యువల్ పేరుకే మాన్యువల్. ఆపేసి 400 పెట్టు.

#17 పాతస్టూడియో, ఉదయం 10:40

మంచి పాయింట్ పట్టావయ్యా. మా కాలంలో రోలు మధ్యలో ఐఎస్‌ఓ మార్చే వీలే లేదు, అందుకని నాకు తట్టలేదు.

#18 లంబసింగి_చలి, ఉదయం 11:15

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మంచు ఫొటోలు ఎప్పుడు తీసినా మురికిగా, సాయంత్రంలా వస్తాయి. ఇదీ ఇదే జబ్బా?

#19 తెల్లవారుజాము_లగ్నం, ఉదయం 11:22

ఇదే జబ్బు. ఫ్రేమంతా తెల్లటి మంచు, మీటర్ బూడిద చేస్తోంది. ప్లస్ 1 నుంచి మొదలుపెట్టండి. సూర్యుడు మంచు వెనకాల ఉంటే మాత్రం ఆ వెలిగే చోటు చూసుకుని తగ్గించండి.

#20 జోన్_త్రీ, ఆదివారం రాత్రి 9:10

డల్లాస్ నుంచి. ఇక్కడ బ్లాక్ అండ్ వైట్ ఫిలిం తీసి ఇంట్లోనే కడుగుతాను. మీ చర్చంతా చదివాను, ఒక కోణం మిగిలిపోయింది అనిపించింది.

"మీటర్ బూడిద చేస్తుంది" అన్నది లోపంగా మాట్లాడుతున్నాం. అదే దాని బలం. స్పాట్ మీటర్‌తో దేన్ని చూసినా అది నడిమి బూడిద అయ్యే అంకె ఇస్తుందని ముందే తెలుసు కాబట్టి, ఆ వస్తువును నాకు కావలసిన మెట్టు మీద నేను కూర్చోబెట్టగలను. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్ ఆర్ట్ సెంటర్ స్కూల్లో తయారు చేసిన జోన్ సిస్టమ్ ఇదే. కటిక నలుపు సున్నా, కాగితం తెలుపు పది, నడిమి బూడిద అయిదు. ఒక్కో జోన్‌కీ ఒక స్టాప్. వివరం కనిపించాల్సిన నీడ మూడో జోన్‌లో, వివరం ఉండాల్సిన తెలుపు ఏడో జోన్‌లో.

పొలంగట్టు గారి కొంగకి దీన్ని వాడితే: స్పాట్ కొంగ మీద పెట్టండి, వచ్చిన దానికి రెండు స్టాపులు పెంచండి. ఏడో జోన్. ఈకలు ఉంటాయి, తెలుపూ ఉంటుంది. గేదె వీపు చదివితే రెండు తగ్గించండి, దాదాపు అక్కడికే వస్తారు.

ఫిలింకీ డిజిటల్‌కీ ఒక్కటే పెద్ద తేడా. నెగటివ్ ఫిలిం నీడలో ఆకలితో ఉంటే తిరిగి రాదు, ఎక్కువ వెలుగు మాత్రం బాగానే ఓర్చుకుంటుంది. అందుకని నేను నీడ చదివి రెండు స్టాపులు తగ్గిస్తాను, తెలుపుల సంగతి డెవలపింగ్‌లో చూసుకుంటాను. డిజిటల్, స్లైడ్ ఫిలిం దీనికి తలకిందులు: తెలుపు పోతే పోయినట్టే, అందుకే వాటికి తెలుపు చదవాలి.

#21 పొలంగట్టు, రాత్రి 9:25

చాలా థాంక్స్ సార్. ఒక డౌట్. నా కెమెరాలో స్పాట్ ఎక్కడ చదువుతుంది? ఫోకస్ పాయింట్ కొంగ మీదే పెట్టినా రీడింగ్ పొంతన లేకుండా వస్తోంది.

#22 జోన్_త్రీ, రాత్రి 9:33

అది కెమెరాని బట్టి. నికాన్ వాటిల్లో మామూలుగా మీరు ఎంచుకున్న ఫోకస్ పాయింట్ దగ్గరే చదువుతుంది. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో చాలావాటికి ఫోకస్ ఎక్కడున్నా స్పాట్ నట్టనడుమే. అలాంటిదైతే కొంగను మధ్యలోకి తెచ్చి, చదివి, షట్టర్ పెట్టుకుని, మళ్లీ ఫ్రేమ్ సర్దుకోండి. ఇంకొకటి, ఆ స్పాట్ వ్యూఫైండర్‌లో మీరనుకునేంత చిన్నది కాదు. కొంగ చిన్నగా ఉంటే పక్క పచ్చదనం కూడా కలుస్తుంది. 300కి జూమ్ చేసి చదవండి, తర్వాత వెనక్కి రండి.

#23 అరస్టాప్, రాత్రి 10:02

గ్రే కార్డు పడిన వెలుగులో 18 శాతం తిప్పి పంపుతుందని అందరూ అంటారు. మీటర్లు 18కి కాదు 12 చిల్లరకి క్యాలిబ్రేట్ అయి ఉంటాయని చదివాను. అంటే మనం ఇన్నాళ్లూ అర స్టాప్ తప్పు తీస్తున్నట్టేనా?

#24 జోన్_త్రీ, రాత్రి 10:20

ఈ ప్రశ్న రాకుండా ఏ మీటరింగ్ చర్చా ముగియదు. 😄 సెకోనిక్, నికాన్, కానన్ మీటర్ లెక్కలో వాడే స్థిరాంకం 12.5 (ఇది శాతం కాదు), పాత మినోల్టా, పెంటాక్స్ వాళ్లది 14. వాటి మధ్య తేడా స్టాపులో ఆరో వంతు. కార్డు 18 శాతం, మీటర్ లెక్క అంతకన్నా తక్కువ, కాబట్టి కార్డు మీద నేరుగా చదివితే సుమారు అర స్టాప్ అండర్ వస్తుంది. కొడాక్ వాళ్లే కార్డుతో ఇచ్చే కాగితంలో అర స్టాప్ పెంచమని రాశారు, ఎవరూ ఆ కాగితం చదవలేదు. మీరు కార్డును కొద్దిగా ఎటు వంచినా అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది.

#25 పాతస్టూడియో, రాత్రి 10:45

అందుకే నేను కార్డుల జోలికి పోను. నా దగ్గర తెల్ల గుమ్మటం ఉన్న చేతి మీటర్ ఉంది, సెకోనిక్ 398. అమెరికాలో డాన్ నార్వుడ్ అనే ఆయన ఆలోచనతో పుట్టిన డిజైన్, బ్యాటరీ అక్కర్లేదు, సెలీనియం సెల్ వెలుగుతోనే ముల్లు కదిలిస్తుంది. ఇది పడే వెలుగునే కొలుస్తుంది కాబట్టి ఎదురుగా ఉన్నది కొంగైనా గేదైనా దానికి పట్టదు. మనిషి దగ్గరికెళ్లి, గుమ్మటం కెమెరా వైపు తిప్పి, చదవడమే.

కొంగ దగ్గరికి వెళ్లి చదవనిస్తుందా అని అడుగుతారు. వెళ్లక్కర్లేదు. సూర్యుడున్న దూరానికి గట్టు మీద నీకూ, చేలో కొంగకీ ఒకటే ఎండ. నువ్వు నిలబడ్డ చోటే గుమ్మటాన్ని కొంగవైపు నుంచి నీ కెమెరావైపు చూస్తున్నట్టు పట్టుకో, చాలు. కొంగ తుమ్మచెట్టు నీడలో ఉండి నువ్వు ఎండలో ఉంటే మాత్రం నువ్వూ ఏదో ఒక నీడ వెతుక్కోవాలి. గది లోపల ఈ వేషం చెల్లదు, దీపానికి రెండడుగుల దూరానికీ నాలుగడుగుల దూరానికీ రెండు స్టాపులు పోతాయి.

#26 మోడరేటర్, రాత్రి 11:00

"కుడిగోడ పద్ధతి ఐఎస్‌ఓ పెంచి చెయ్యొచ్చా" అని ముగ్గురు నాకు మెసేజ్ పెట్టారు. ఇక్కడే అడగండి బాబూ.

#27 కుడివైపు, రాత్రి 11:12

చెయ్యొద్దు. కుడివైపు తీయడం వల్ల లాభం సెన్సార్ మీద నిజంగా ఎక్కువ వెలుగు పడినప్పుడే. ఐఎస్‌ఓ పెంచితే గ్రాఫ్ కుడికి జరుగుతుంది, పడిన వెలుగు మాత్రం అంతే. ఎగిరే పక్షికి 1/1600 కన్నా నెమ్మదిగా పెట్టడం కుదరకపోతే అక్కడితో ఆగిపో.

#28 పొలంగట్టు, సోమవారం ఉదయం 9:50

ఐఎస్‌ఓ 400 బిగించి, 1/1600. గేదె, కొంగ ఉన్నది, కొంగ ఒక్కటే ఉన్నది, రెండూ పెట్టాను చూడండి. రెండు ఫొటోల్లో కొంగ ఒకేలా ఉంది! మినుకుమినుకు ముక్కు దగ్గర చిన్న చుక్క మాత్రమే. గేదె కడుపు కింద నీడ బాగా నలుపుగా ఉంది, అది పర్వాలేదా?

#29 తెల్లవారుజాము_లగ్నం, ఉదయం 10:30

రెండోది చాలా బాగుంది తమ్ముడూ. గేదె కడుపు కింద ఏముందో ఎవరికీ అక్కర్లేదు, కావాలంటే రా లో కొంచెం లేపుకో. తొమ్మిదిన్నర దాటాక ఎండ ముదురుతుంది, 1/2000, 1/2500 వైపు జరుగుతూ ఉండు.

#30 అరస్టాప్, ఉదయం 11:05

పెద్దాయనా, మా ఊళ్లో ఒక పాత స్టూడియో మూసేస్తున్నారు, మీరు చెప్పిన 398 ఒకటి అమ్ముతామంటున్నారు. కొనేముందు ఏం చూసుకోవాలి?

#31 పాతస్టూడియో, ఉదయం 11:40

ముందు గుమ్మటాన్ని అరచేత్తో పూర్తిగా మూసెయ్. ముల్లు సున్నా మీదికి రావాలి. కొద్దిగా పక్కనుంటే వెనక సర్దే మర, స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోవచ్చు. తర్వాత మిట్టమధ్యాహ్నం కాకుండా పదీ పదకొండు మధ్య మంచి ఎండలో బయటికి తీసుకెళ్లు. సూర్యుడు నీ వీపు వెనక ఉండేట్టు కెమెరా ఎక్కడ పెడతావో ఊహించుకుని, గుమ్మటం అటువైపు తిప్పి, ఐఎస్‌ఓ 100కి చదువు. ఎఫ్/16, 1/125 అటూ ఇటూగా రావాలి. ఎండలో చదివేటప్పుడు మీటర్‌తో వచ్చే చిల్లుల రేకు, హై స్లైడ్ అంటారు, అది దూర్చాలి. అది పోయి ఉంటే ధర అక్కడే సగం తగ్గించమను.

ఎండలో సరిపోయిందని డబ్బులు ఇచ్చెయ్యకు. సెలీనియం ముసలిదైతే ఎండలో బాగానే చెప్పి, ఇంట్లో మసక వెలుతురులో తక్కువ చెబుతుంది. కిటికీ పక్కకి తీసుకెళ్లి, అక్కడే గ్రే కార్డు పెట్టి నీ కెమెరా స్పాట్ రీడింగ్‌తో పోల్చు, ఆ అర స్టాప్ లెక్కలోకి తీసుకుని. రెండు చోట్లా ఒకే తేడా ఉంటే కొనుక్కో, ఐఎస్‌ఓ డయల్ అంతమేరకు జరిపి వాడుకోవచ్చు. ఎండలో ఒక తేడా, కిటికీ దగ్గర ఇంకో తేడా వస్తే దాన్ని ఏ డయలూ సరిచెయ్యలేదు, నమస్కారం పెట్టి వచ్చెయ్.